అన్‌ఫిట్ కావాలని ఒక మనవి

ఆ ఎండాకాలం మా కుటుంబంలోంచి ఒకే మనిషి గురించి దేవుడికి రెండు మనవులు వెళ్ళాయి. ఒకటి ఆయన ఒళ్ళు పాడు కావాలని, రెండోది ఆయన నోరు పాడు కాకూడదని. మొదటిది ఆయన భార్య అందరి ముందూ నిలబడి చెప్పింది. రెండోది ఎవరు పంపారో నాకొక్కడికే తెలుసు. తెలిసీ మూడు వారాలు తెలియనట్టే తిరిగాను.

నా పేరు స్తెఫను. బైబిల్లో ఆ పేరుగల భక్తుణ్ణి రాళ్ళతో కొట్టి చంపారు. నన్ను మాత్రం రాళ్ళే సాకాయి, కాకపోతే నల్ల రాళ్ళు. గోదావరిఖనిలో ఒక బొగ్గుబాయి మీద, ల్యాంప్ రూంలో నా డ్యూటీ. కిందికి దిగేవాళ్ళ టోపీ లైట్లకు చార్జింగ్ పెట్టి, షిఫ్టు వేళకు కిటికీలోంచి ఒక్కొక్కటే అందించాలి. లోకంలో అందరూ అన్నీ లైట్ తీసుకునేవాళ్ళే, ఇచ్చేవాణ్ణి నేనొక్కణ్ణే అని చెప్పుకు తిరిగేవాణ్ణి. నవ్వినవాళ్ళకు లైటు ముందు దొరికేది.

మా బావ జాన్ ప్రసాద్, అంటే నా భార్య లిడియాకు ఒక్కగానొక్క అన్న, అదే బాయిలో పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టే పని చేసేవాడు. నేను ఆయన్ని పిలిచినట్టే ఆయనా నన్ను బావా అనే పిలిచేవాడు. ముప్పై నాలుగేళ్ళు అదే పని. నడుము నొప్పి ఉంది, నాలుగు మెట్లెక్కితే ఆయాసమూ ఉంది. కానీ అవి బాధపడటానికి సరిపోయేంత, సర్టిఫికెట్‌కు సరిపోనంత.

మా దగ్గర లెక్క ఒకటుంది. కంపెనీ దవాఖానలో డాక్టర్ల బోర్డు ఒక కార్మికుణ్ణి అన్‌ఫిట్ అని రాస్తే కొడుక్కి ఉద్యోగం వస్తుంది. అయితే రిటైర్మెంటుకు రెండేళ్ళు మిగిలి ఉండగానే ఆ రాత పడాలి. బావకు ఆ గడువు జూన్ నెలతో సరి. మే నెలలో వచ్చే బోర్డే ఆఖరిది. కొడుకు రాజ్‌కుమార్‌కు ముప్పై మూడేళ్ళు. ఐటీఐలో ఫిట్టర్ చదివి, బసంత్‌నగర్ దిక్కు ఎవరిదో ఆటో కిరాయికి నడుపుతున్నాడు. కొడుకు ఫిట్టర్ కావాలంటే తండ్రి అన్‌ఫిట్ కావాలి. మా ఊరి వ్యాకరణం అది.

మా కాలనీ చర్చిలో ఈస్టర్ నుంచి పెంతెకొస్తు దాకా ఏడు వారాలు ఒక ఆనవాయితీ నడుస్తుంది. బలిపీఠం పక్కన ఒక వెదురు బుట్ట పెడతారు. ఎవరి మనవి వాళ్ళు చీటీ మీద రాసి అందులో వేస్తారు, పేరు రాయకపోయినా పర్వాలేదు. ఇంటికి పోయేటప్పుడు ప్రతివాళ్ళూ ఒక చీటీ తీసుకుపోవాలి. వారమంతా షిఫ్టు సైరన్ మోగినప్పుడల్లా, ఎక్కడున్నవాళ్ళు అక్కడే ఆగి, ఆ చీటీలోని మనిషి కోసం ప్రార్థించాలి. పద్ధతులు మూడే. చీటీలో ఏముంటే అదే అడగాలి, మన సలహా కలపకూడదు. చీటీ ఎవరిదో తెలిసినా బయట పెట్టకూడదు. అలా మనిషి ఎవరో తెలిసిపోతే ఆ వారం ఏడు రోజులతో ఆగకుండా మనవి తీరేదాకా చెయ్యాలి. ఇంత ఖచ్చితంగా నడిపించేది మా లిడియా. విజ్ఞాపన బృందానికి పెద్ద తనే. మనవి అంటే మనవి అనుకుంటారు గానీ అవన్నీ పక్కవాళ్ళవి అని నేనంటే, "నీ నోటికి సైరన్ పెట్టాలె" అనేది.

ఆ ఏడు మొదటి ఆదివారమే, లిల్లీ అక్క బుట్టనూ చీటీనీ పక్కన పెట్టి ఆరాధనలో లేచి నిలబడింది. లిల్లీ అక్క అంటే జాన్ ప్రసాద్ బావ భార్య. పేరు లిల్లీ, పెట్టేది లొల్లి.

"అందరు ఇనుండ్రి. మా ఆయన మే నెల బోర్డుల అన్‌ఫిట్ కావాలె. గట్టిగ ప్రార్థన చెయ్యుండ్రి" అంది.

పాస్టరు అయ్యగారికి దగ్గు వచ్చింది. ఆ దగ్గు చూస్తే బోర్డు ఆయన్నే ముందు అన్‌ఫిట్ చేసేటట్టుంది. బావ మాత్రం తల వంచుకుని పాటల పుస్తకంలో విషయసూచిక చదువుతున్నాడు.

బృందానికి పెద్ద గనుక ఆ మనవిని లిడియా తన మీదే వేసుకుంది. ఇంటికొచ్చి బియ్యం చేటలో పోసుకుని కూర్చుంది గానీ ఒక్క రాయీ ఏరలేదు.

"నా అన్న పాడైపోవాలని నేనెట్ల అడుగుదునయ్యా?"

"నీ పద్ధతే కదా. అడిగింది అడిగినట్టు."

"పద్ధతి నాకే చెప్తున్నవా?"

"అయితే గట్టిగ అడగకు. మెల్లగ అడుగు. దేవునికి ఇనబడకపోవచ్చు."

ఆమె నవ్వలేదు. సాయంత్రం రెండో షిఫ్టు సైరన్ కూయగానే గోడవైపు తిరిగి నిలబడింది. పెదవులు కదిలాయి. ఏమందో వినిపించలేదు. కొంగుతో ముఖం తుడుచుకుంది. అది చెమటేనని నేను సర్దిచెప్పుకున్నాను. ఏప్రిల్‌లోనే నలభై నాలుగు డిగ్రీలు మరి.

ఇంక మా పని మొదలైంది. మా పనంటే బావకు కుంటడం నేర్పడం. డైరెక్షన్ నాది, ప్రొడక్షన్ లిల్లీ అక్కది. సాయంత్రం చల్లబడ్డాక వాళ్ళ క్వార్టర్ ముందు నీళ్ళు చల్లి, బావను ఇటునుంచి అటు నడిపించేవాళ్ళం. రాజ్‌కుమార్ ఆటో ఆపి, దాంట్లోనే కూర్చుని చూసేవాడు.

"నాయనా, ఎడమ కాలు! నిన్న ఎడమదే కుంటినవ్ గదా."

"ఏ కాలో యాదికుంటలేదురా."

"యాదికుంచుకో బావా," అన్నాను నేను. "నడుము నడుమ చెయ్యి పెట్టు. ఆ, గట్ల. ఇప్పుడు అమ్మా అను."

"అమ్మా" అన్నాడు బావ, పాఠం అప్పజెప్పినట్టు.

"గట్ల కాదు. నొప్పి ఉండాలె."

"నిజంగ నొచ్చినప్పుడు నేను అమ్మా అనను బావా. ఊకుంట."

లిల్లీ అక్క గడపలో పాత ఎక్స్‌రేలన్నీ పరిచి కూర్చుని ఉంది. "ఊకుంటె డాక్టర్లకెట్ల ఇనబడతది? నోరు తెరువు. పిల్లగాని బతుకు నీ నోట్ల ఉంది" అంది. రాజ్‌కుమార్ ఆటో హారన్ మీద వేళ్ళు ఆడిస్తూ తండ్రి కాళ్ళనే చూస్తున్నాడు. వాడి కూతురు ఆ ఏడే బడికి పోయింది. బావ మళ్ళీ మొదటి నుంచి నడిచాడు. ఈసారి ఎడమ కాలే సరిగ్గా కుంటి చూపించాడు. నేను చప్పట్లు కొట్టాను.

మూడో ఆదివారం బుట్టలోంచి నాకొక చీటీ వచ్చింది. డ్యూటీ స్లిప్పు వెనకవైపు, మొద్దు పెన్సిల్‌తో రాసి ఉంది. దిమ్మెల మీద కొలత గీతలు గీయడానికి బావ చెవి సందున పెట్టుకునే పెన్సిల్ అది. నల్లగా, లావుగా, కాగితం చిరిగేటంత నొక్కి రాసే ఆ రాత మా బాయిలో ఇంకెవరికీ లేదు.

"బోర్డు ముందర నా నోట అబద్ధం రాకుండ ప్రార్థించుండ్రి."

అంతే. పేరు లేదు. చర్చి మెట్ల మీద నిలబడి రెండుసార్లు చదివాను. అవతల వేపచెట్టు కింద బావ చెప్పులు తొడుక్కుంటున్నాడు. లిల్లీ అక్క ఆయన్ని గదమాయిస్తోంది, మెట్లు దిగేటప్పుడు కుంటలేదని. "నలుగురు చూస్తరు. ఇప్పటిసంది అలవాటు కావాలె" అంటోంది.

నేను చీటీ జేబులో పెట్టుకున్నాను. మరునాడు పొద్దున సైరన్ కూసింది. కిటికీ ముందు వరుస ఉంది, లైట్లివ్వాలి, తీరిక లేదనుకున్నాను. మధ్యాహ్నం సైరన్‌కు అన్నం తింటున్నాను. మంగళవారం మరచిపోయినట్టు నటించాను, నా దగ్గరే నేను నటించాను. చీటీలో ఉన్నది అడిగితే మేనల్లుడి ఉద్యోగం పోతుంది. అడగకపోతే లిడియా పద్ధతి పోతుంది. అడిగితే స్వార్థం లేని ప్రార్థన, అడగకపోతే ప్రార్థన లేని స్వార్థం అని దాని మీద కూడా ఒక చమత్కారం అల్లాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పలేని చమత్కారం నా జన్మలో అదొక్కటే.

సాయంత్రాలు మాత్రం యథాప్రకారం కుంటడం నేర్పుతూనే ఉన్నాను. బావ చెప్పినట్టల్లా కుంటుతున్నాడు. ఆయన చీటీ నా జేబులోనే ఉంది.

బోర్డు రోజు పెద్ద దవాఖానకు ఆయనతో నేను వెళ్ళాను. ఆటో నడపకపోతే కిరాయి మీద పడుతుందని రాజ్‌కుమార్ రాలేదు. లిల్లీ అక్క ఒక చేతికర్ర, ఎక్స్‌రేల సంచీ, పెరుగన్నం కట్టి పంపింది. బస్సు దిగి గేటు దగ్గరికి వచ్చేసరికి మా బాయి పోశం కనిపించాడు. బస్టాండు నుంచి మమ్మల్ని దాటుకుని చరచరా పోయినవాడు, గేటు దాటగానే ఎనభై ఏళ్ళవాడయ్యాడు. వరండా పొడుగునా బెంచీల మీద మనుషులు. కొందరికి నిజంగానే ఊపిరి ఆడటం లేదు, మాట కూడా రావడం లేదు. కొందరు వాళ్ళను చూసి నేర్చుకుంటున్నారు.

"ఏంది జాన్ ప్రసాదన్నా, కట్టె పట్టుకచ్చినవ్?" అన్నాడు పోశం మూలుగుల మధ్య. "నేను తెచ్చుకుంటె బాగుండు. ఖాళీ చేతుల అచ్చిన."

"కావాల్నంటె తీస్కో" అన్నాడు బావ.

"వద్దన్నా, నీది నీకుండని. మీ పోరనికి నౌకరి రావాలె."

లోపలినుంచి ఒక్కో పేరు పిలుస్తున్నారు. బావకు ముందు ఇద్దరే మిగిలారు. ఆయన నా వైపు ఒరిగాడు.

"బావా, ఒక్క మాట ప్రార్థన చెయ్యి."

నేను చుట్టూ చూశాను. "ఇక్కడనా?"

"ఇక్కడనే. లిడియా లేదు గదా. నువ్వే చెయ్యాలె."

నేను గట్టిగా ప్రార్థన చేసిన సందర్భాలు తక్కువ. చేసినవి కూడా అన్నం ముందే, అవీ కూర గురించే. బెంచీ మీద అటూఇటూ నలుగురు కళ్ళు మూసుకున్నారు. ఎవరి దేవుడు వాళ్ళకున్నా, ప్రార్థన అనగానే చేతులు జోడించారు. పోశం మూలగడం ఆపాడు. వాళ్ళంతా నా నోటి నుంచి అన్‌ఫిట్ అనే మాట కోసమే ఎదురుచూస్తున్నారు. నేనూ అదే అందామనుకున్నాను.

"ప్రభువా," అన్నాను, "ఈయన జాన్ ప్రసాద్. నా బావ. బోర్డు ముందర ఈయన నోట అబద్ధం రాకుండ చూడు. ఆమెన్."

ఎవరూ ఆమెన్ అనలేదు. పోశం ఒక కన్ను తెరిచి నన్ను చూశాడు. బావ చాలాసేపు కళ్ళు తెరవలేదు. తెరిచాక నా ముఖం చూడలేదు, నా చొక్కా జేబు చూశాడు. అంతలో ఆయన పేరు పిలిచారు. లేచి, చొక్కా సర్దుకుని, లోపలికి నడిచి పోయాడు. చేతికర్ర బెంచీకి ఆనించినట్టే ఉండిపోయింది. దాన్ని నేను చేత్తో పట్టుకున్నాను, పిలిచి ఇవ్వలేదు.

లోపల జరిగింది తిరుగు బస్సులో చెప్పాడు. ఎంతదూరం నడవగలవని డాక్టరు అడిగారట. చర్చిదాకా సార్ అన్నాడట. అదెంత దూరమంటే రెండు కిలోమీటర్లన్నాడట. మెట్లెక్కితే? "ఆయాసమస్తది సార్. నిలబడ్త. మళ్ళ ఎక్కుత." పెరుగన్నం ఇద్దరం బస్సులోనే తిన్నాం. పులిసిపోయింది.

పది రోజులకు కాగితం వచ్చింది. బాయిలోకి దిగొద్దు, పైన పని చెయ్యొచ్చు. ఫిట్టూ కాదు, అన్‌ఫిట్టూ కాదు. ఉపరితలం. ఉద్యోగం బావకే ఉంది, కొడుక్కి లేదు.

ఆ సాయంత్రం లిల్లీ అక్క మా ఇంటికి వచ్చింది. చెప్పులు కూడా విడవలేదు. బావ ఆమెకు అంతా చెప్పేశాడు. అబద్ధం నోట రాకుండా చూడమని మేమే అడిగాం, ఇంట్లో మాత్రం వస్తుందా?

"తమ్మీ, నీ నోరు ఎప్పుడు తెరిచినా నవ్వులాటకే తెరుస్తవ్ గదా. ఆ ఒక్కదినం నవ్వులాట ఆడకపోతివి! మా ఇంటి అన్నం మీద ప్రార్థన చేసినవ్."

"అక్కా, చీటీల గట్లనే రాసి ఉంది."

"చీటీల ఉంటె? చింపెయ్యరాదా? నా పిల్లగాడు ఎవని ఆటో తోలుకుంట ముసలోడు కావాల్నా?"

ఇలాంటప్పుడు వేసే జోకు కోసం వెతికాను, దొరకలేదు. ఆమె లిడియా వైపు తిరిగింది.

"నువ్వు చెప్పు. అందరి ముందర లేచి సిగ్గిడిసి అడిగిన. నా మనవి నువ్వు తీస్కున్నవ్. అన్న మీద ప్రేమతోని ఎగ్గొట్టినవా, చేసినవా?"

లిడియా పొయ్యి ఆపింది. చేతులు తుడుచుకుంది.

"చేసిన వదినా."

"నిజమా?"

"రోజుకు మూడుసార్లు. ఒక్క సైరన్ తప్పలే. మా అన్న అన్‌ఫిట్ కావాలని, పేరు పెట్టి, నోరార అడిగిన." మళ్ళీ అంది, "అడిగినంక తిండి తినబుద్ధి కాకపోయేది. అయినా అడిగిన. నువ్వు అడుగుమన్నవ్ గదా."

లిల్లీ అక్క నిలబడిందల్లా గడప మీద కూర్చుంది. తర్వాత లిల్లీ అక్క చెప్పులు విడిచి పక్కన పెట్టి, "నీళ్ళియ్యి" అంది. లిడియా కుండలోంచి ముంచి ఇచ్చింది. ఆ చెంబు ఇచ్చేటప్పుడు ఇద్దరి చేతులూ దాని మీదే కాసేపు ఉన్నాయి. నేను మధ్యలో మాట్లాడలేదు. లిడియా తర్వాత చెప్పింది, మా పెళ్ళయ్యాక నేను అంతసేపు ఊకున్నది అదేనట.

రాజ్‌కుమార్ మాత్రం తండ్రితో మాట్లాడటం మానేశాడు. లొల్లి చేస్తే బాగుండేది. ఒకే ఇంట్లో ఉంటూ, అన్నం పెట్టుకుని తిని పోయేవాడు. బావ ఎదురుగా వస్తే పక్కకు జరిగి దారి ఇచ్చేవాడు, బస్సులో పరాయి మనిషికి ఇచ్చినట్టు.

కంపెనీ బావను పంపింది నా దగ్గరికే. జూన్ మొదటి వారంలో ల్యాంప్ రూంలో నా పక్క స్టూలు మీద వచ్చి కూర్చున్నాడు. ముప్పై నాలుగేళ్ళు కిటికీకి అవతల నిలబడినవాడు ఇవతలికి వచ్చాడు. మొదటి రోజే నా పద్ధతంతా చెడగొట్టాడు. మా దగ్గర అందరూ నంబరు చెప్పి లైటు తీసుకుంటారు. బావ నంబరు చెబితే ఇవ్వడు.

"పేరు చెప్పు."

"నూటపద్నాలుగు కాకా."

"అది లైటు పేరు. నీ పేరు?"

పేరు చెబితే, లైటు చేతిలో పెట్టి, పెదవులు కదిపి, అప్పుడు వదిలేవాడు. మొదట్లో ఏదో గొణుగుతున్నాడనుకున్నాను. రెండో రోజు చెవి దగ్గర పెట్టి విన్నాను. "పోశం లోపలికి పోతుండు ప్రభువా. పైకి తీసుకరా." అంతే ఒక్కో మనిషికి. షిఫ్టుకు నూరు మంది. వరుస ఆలస్యమవుతోందని గొణిగారు, తిట్టారు, ముసలోనికి బాయి యాదికస్తుందని నవ్వారు. వారం తిరిగేసరికి పేరు చెప్పకుండా నా చేతిలోంచి లైటు తీసుకుపోయిన ఒక పిల్లవాడు సగం దారిలోంచి వెనక్కొచ్చి, కిటికీలో తల పెట్టి పేరు చెప్పి పోయాడు.

ఇప్పుడా బాయి మూతపడింది. ల్యాంప్ రూంకు తాళం వేసి ఉంది. కమాన్‌పూర్ దిక్కు పోయే బస్సులోంచి చూస్తే దాని కిటికీకి అడ్డంగా కొట్టిన రేకు కనబడుతుంది. బావ రిటైరై ఇంట్లోనే ఉన్నాడు, ఇంకా నాలుగు మెట్లెక్కి నిలబడి మళ్ళీ ఎక్కుతున్నాడు. ఆ కిటికీ దగ్గర ఇద్దరం కూర్చున్న రెండేళ్ళలోంచి నాకు ఒక్క పొద్దు మాత్రం చెక్కు చెదరకుండా గుర్తుంది.

జూన్ మూడో వారం. రాత్రి మొదటి వాన పడింది. మట్టి, బొగ్గు కలిసిన వాసన. రాజ్‌కుమార్ ఆటో వదిలేసి, ఓపెన్‌కాస్ట్ గనిలో మట్టి తోలే కాంట్రాక్టరు దగ్గర టిప్పర్ డ్రైవరుగా కుదిరాడు. ఆ రోజే మొదటి డ్యూటీ. బావ పొద్దున తొందరలో అన్నం క్యారియర్ మరచిపోయి వచ్చాడు. లిల్లీ అక్క కొడుకు చేతికిచ్చి పంపింది. మరచిపోయాడో, ఆమె మరచిపోయేట్టు చేసిందో, నేనిప్పటికీ అడగలేదు.

వాడు నేరుగా లోపలికి వచ్చి నాకిస్తే సరిపోయేది. రాలేదు. బయట వరుసలో, కొత్త హెల్మెట్ చంకలో పెట్టుకుని, క్యారియర్ పట్టుకుని, లైట్ల కోసం నిలబడ్డవాళ్ళ మధ్య నిలబడ్డాడు. ఒక్కొక్కరే కదులుతున్నారు. నేను చూస్తూనే ఉన్నాను. బావ కూడా చూశాడు. చూసి తల రిజిస్టరులోకి దించుకున్నాడు.

వాడి వంతు వచ్చింది. క్యారియర్ కిటికీ చెక్క మీద పెట్టాడు. దాని పిడి మాత్రం వదల్లేదు.

బావ తలెత్తకుండా, అందరినీ అడిగినట్టే అడిగాడు.

"పేరు?"

వెనకాల ఎవరో నవ్వబోయి ఆగారు. వాడు గొంతు సవరించుకున్నాడు.

"రాజ్‌కుమార్."

ఇద్దరు ముగ్గురు రాజ్‌కుమార్లున్నారు మా బాయిలో. అలాంటప్పుడు తండ్రి పేరు కూడా అడగడం బావ అలవాటు. అడగబోయి ఆగాడు. వాడే చెప్పాడు.

"జాన్ ప్రసాద్ కొడుకును."

ఇవ్వడానికి బావ చేతిలో లైటు లేదు. ఖాళీ చెయ్యే చాపి, క్యారియర్ పిడి మీద, వాడి చెయ్యి మీద పెట్టాడు. పెదవులు కదిలాయి. ఒక్కో మనిషికి పట్టే సమయం ఎంతో నాకు బాగా తెలుసు. అది దాటిపోయింది. ఇంకా కదులుతూనే ఉన్నాయి.

"కాకా, జల్ది! దిగే టైమైంది!" అని వరుసలోంచి ఎవరో అరిచారు.

రాజ్‌కుమార్ వెనక్కి తిరగకుండానే, "ఆగన్నా," అన్నాడు. "ఇంక నాది కాలే."